అంకాలమ్మ కొన్న మీటరు

తమిళ సీమలో, ధర్మపురికి దగ్గరున్న నల్లంపల్లిలో హైవే పక్క సర్వీసు రోడ్డు మీద ఒకే రేకుల కప్పు కింద రెండు వాకిళ్లున్నాయి. ఎడమ వాకిలి మీద తమిళంలో రాసిన పాత రేకు బోర్డు: వెంకటేశప్ప మోటార్ కాయిల్ వర్క్స్. కుడి వాకిలి మీద రంగుల బోర్డు, దాని మీద మెరుపు బొమ్మ. ఎడమ వాకిట్లో కూర్చునేది వెంకటేశప్ప భార్య అంకాలమ్మ. కుడి వాకిట్లో కూర్చునేది ఆమె తోడికోడలు నివేదిత. మధ్యన ఒకటే గోడ. ఆ గోడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే, ఎందుకంటే అంకాలమ్మ ప్రాణం ఎప్పుడూ గోడ అవతలే ఉంటుంది.

అంకాలమ్మకు లెక్కపెట్టడం కూటి విద్య. కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ పీకేసి, కొత్త తీగను చుట్లు చుట్లుగా చుట్టి కూర్చడం ఆమె పని. చుట్టు తప్పితే కూడు తప్పుతుంది. ముప్పై ఏళ్లుగా చుట్లు లెక్కపెట్టిన మనిషికి చేతిలో పని లేనప్పుడు కూడా లెక్క ఆగదు. నాలుగేళ్లుగా ఆ లెక్క కుడి వాకిట్లో విడిచిన చెప్పుల మీద పడింది. పొద్దున తలుపు తీసింది మొదలు సాయంత్రం మూసేదాకా అక్కడ ఎన్ని జతలు విడిచారో, ఏ జత ఎంతసేపు ఉందో అడిగితే చెప్పేస్తుంది. తొమ్మిది జతలు దాటిన రోజు ఆమెకు అన్నం సయించదు.

అసూయ అంటే ఏమిటో తెలియక పడే మనిషి కాదు అంకాలమ్మ. బాగా తెలిసే పడేది.

దగ్గరలోని ఇండూరు నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. నోట తెలుగే గానీ చేత్తో రాసేది తమిళం, అదీ ఐదో తరగతి దాకా. పెళ్లయిన నెలకే మొగుడు ఆమెను చుట్టే యంత్రం ముందు కూర్చోబెట్టి పిడి చేతికిచ్చాడు. "చుట్లు తగ్గించినావంటే మోటారు వేడెక్కి సస్తాది. తీగ తక్కువైతే కరెంటు ఎక్కువ మింగుతాది. ఇది ఒక్కటి గుర్తు పెట్టుకో, తక్కిందంతా చెయ్యే నేర్చుకుంటాది," అన్నాడు. ఆమె చెయ్యి నేర్చుకుంది. పప్పు తాలింపు గురించి మాట్లాడుతూ నలభై నాలుగు చుట్లు చుట్టి, నలభై నాలుగు దగ్గరే ఆపగలిగేది. అప్పటికి రెండేళ్ల పిల్లవాడైన మరిది హరిని చంకనేసుకుని కూడా చుట్టేది.

ఎనిమిదేళ్ల కిందట వెంకటేశప్ప పోయాడు. ఆడమనిషి కాయిల్ చుడితే మోటారు తిరుగుతుందా అని ఊరు ముక్కు మీద వేలేసుకుంది. పెద్దకర్మ అయిన మూడో రోజు, గోవిందరాజప్ప తన బావి మోటారును బండి మీద వేసుకొచ్చి ఎడమ వాకిట్లో దించాడు. ఆయన వెంకటేశప్పకు చిన్ననాటి స్నేహితుడు, పది పాలావులున్న రైతు. "వెంకటేశప్ప చెయ్యి పోలేదు, నీ దగ్గర ఉండాది," అని ఒక్క మాటన్నాడు. ఆ మాట మీద అంగడి నిలబడింది. గోవిందరాజప్ప వస్తే పది మంది వస్తారు, ఆయన మొహం తిప్పుకుంటే పది మందీ తిప్పుకుంటారు. అది అంకాలమ్మకూ తెలుసు, నల్లంపల్లికీ తెలుసు.

ఇక నివేదిత సంగతి. ఆమెను ఈ ఇంటికి తెచ్చింది అంకాలమ్మే. హరికి పిల్లను చూడ్డానికి వెళ్లి, పాలిటెక్నిక్‌లో కరెంటు డిప్లొమా చదివిందని తెలిసి, "మా ఇంటికి కరెంటు చదివిన కోడలు వస్తా ఉండాది" అని వీధంతా చాటింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే. పెళ్లయిన ఆరు నెలలకు హరి తన వాటాకు వచ్చిన కుడి గదికి సున్నం కొట్టించి భార్యకు అంగడి పెట్టించాడు. హరి కట్టడాల్లో వైరింగు పనికి పోతాడు, సాయంత్రం దాకా రాడు. అంగడి నివేదితదే.

నివేదిత కాయిల్ చుట్టదు. ఆమె చేతిలో పీత డెక్కలా నోరు తెరిచే ఒక మీటరు ఉంటుంది. రైతు మోటారు వేడెక్కుతోందని వస్తే ఆమె పొలానికి పోయి, తీగను ఆ డెక్కలో ఇరికించి, ఎన్ని ఆంపియర్లు పారుతోందో చూస్తుంది. ఎన్ని వోల్టులుందో చూస్తుంది. కాగితం మీద ఏదో గుణిస్తుంది, ఏదో భాగిస్తుంది. తరవాత చాలాసార్లు చెప్పే మాట ఒకటే: "కాయిల్ బాగుంది. చుట్టించే పని లేదు. స్టార్టరు దగ్గర ఆ అతుకు మార్చుకోండి, చాలు."

చుట్టించే పని లేదు! ఈ మాట గోడ ఇవతలికి వినిపించినప్పుడల్లా అంకాలమ్మకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టుండేది. నిజంగా కాలిన మోటారు వస్తే నివేదిత వాళ్లను ఎడమ వాకిలికే పంపేది, "మా అక్క దగ్గర చుట్టించుకోండి, ఆమెలాగా ఎవరూ చుట్టలేరు" అని. దానికి సంతోషించవచ్చు కదా? అంకాలమ్మకు అది మరీ మంట. ఇది పంపితే నేను చెయ్యాలా, అనుకునేది. పైగా రైతులు ఆ పిల్లను 'మేడం' అంటారు. ముప్పై ఏళ్లు తీగ చుట్టి చూపుడువేలు అరిగిన తనను 'ఏమ్మా' అంటారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అని సామెత. ఇక్కడ తోడికోడలు పాపం నవ్వనుకూడా లేదు, అక్కా అక్కా అంటూనే ఉంది. నవ్వి ఉంటే తిట్టడానికి ఒక సాకైనా దొరికేది.

ఈ ఏడు చిత్తిర నెలలో, ఎండలు ముదిరినప్పుడు, గోవిందరాజప్ప బావి మోటారు కాలింది. అంకాలమ్మ చుట్టి ఇచ్చింది. నలభై రోజులకు మళ్లీ కాలింది. మళ్లీ చుట్టింది. సరిగ్గా ముప్పై ఆరో రోజు మళ్లీ పొగ వచ్చింది. పశుగ్రాసం మడి ఎండిపోయింది, ఆవులకు ఎండు చొప్ప తప్ప పచ్చిపోచ లేదు.

మూడోసారి మోటారు దించుతూ గోవిందరాజప్ప ఆమె మొహం చూడలేదు. "పొగ రాకముందు, వేడెక్కినప్పుడే నివేదితను పిలుచుకుపోయి చూపించినానమ్మా. వోల్టేజీ సరిగా ఉండాదంట, మూడు తీగల్లోనూ కరెంటు సమంగా పోతా ఉండాదంట. బయట ఏ తప్పూ లేదు, తప్పు లోపల కాయిల్లోనే ఉండాదంట."

"కాయిల్లో తప్పా? నా కాయిల్లోనా? నువ్వు ఆ మాట నమ్మినావా అన్నా?"

"నమ్మలేదు గాబట్టే నీ దగ్గరికి వచ్చినాను. అయితే ఇదే కడసారి. మళ్లీ కాలిందంటే నేను ఆ పక్క వాకిలికి పోవాల్సిందే. ఆ పిల్ల ఎవరి దగ్గర చుట్టిస్తాదో చుట్టించనీ. నా ఆవులు ఉపాసం ఉండలేవు."

అప్పుడు అంకాలమ్మ నోట్లోంచి ఒక మాట ఊడిపడింది. ఆలోచించి అన్నది కాదు, కడుపులో నాలుగేళ్లుగా ఊరుతున్నది. "ఆ మీటరే తప్పు అన్నా. ఆ పిల్లకి చూసేదానికి తెలీదు. నీ బావి దగ్గర కరెంటే సరిలేదు. లేకపోతే నా చెయ్యి చుట్టింది కాలుతాదా?"

గోవిందరాజప్ప మంచివాడే గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. అటునుంచి అటే కుడి వాకిటికి పోయి, నలుగురు రైతులు కూర్చుని ఉండగా నివేదితను కడిగేశాడు. చదువు వచ్చినంతలో సరా, తప్పు మీటరు పట్టుకుని ఊళ్లోవాళ్ల చేతిపనికి వంక పెడతావా, వెంకటేశప్ప పెళ్లాం చుట్టిన కాయిల్నా అని. నివేదిత మొహం కందిపోయింది. "నేను చూసింది చూసినట్టే చెప్పినాను పెద్దాయనా," అని మాత్రం అంది.

మర్నాడు కుడి వాకిట్లో చెప్పులు నాలుగు జతలు. ఆ మర్నాడు మూడు. వారం తిరిగేసరికి రెండు, అందులో ఒకటి నివేదితవే. అంకాలమ్మ ఆ రోజు రాగి సంకటి రెండో ముద్ద పెట్టించుకుని తింది. చాలా రోజుల తరవాత పచ్చిపులుసు పులుపు నాలుకకు తెలిసింది.

అయితే ఆ సంతోషం అడుగున ఒక ముల్లుంది. మోటారు ఎందుకు కాలుతోందో ఆమెకూ తెలియదు. చుట్లు సరిగ్గా ఉన్నాయి. తీగ పాత అంగడిదే. చుట్టాక వార్నిషులో ముంచడం, పెట్టెలో పెట్టి ఆరబెట్టడం అన్నీ వెంకటేశప్ప నేర్పినట్టే చేసింది. ఈసారీ కాలితే? అప్పుడు మీటరు మీద వేసిన నింద తన నెత్తి మీదికే వస్తుంది. కాబట్టి ఆ మీటరు తప్పని ఎలాగైనా రుజువు కావాలి. ఆ లెక్కలు ఒట్టి బూటకమని తన కళ్లతో చూడాలి.

బస్సెక్కి ధర్మపురి పోయింది. బస్టాండు పక్కన ఎలక్ట్రికల్ సామాన్ల అంగడిలో, "తీగను కరిచి పట్టుకుంటాదే, ఆ మీటరు కావాలి," అంది. అంగడాయన ఒకటి చూపించాడు. అచ్చం నివేదిత దగ్గర ఉన్నదే. అంకాలమ్మ దాన్ని పక్కకు నెట్టేసింది. "దీనికన్నా పెద్దది ఉండాదా?" ఉంది. "దానికన్నా మంచిది?" అదీ ఉంది. అదే కొంది. ఇంటికి తెచ్చి పెట్టెలో పట్టుచీర మడతల్లో దాచింది.

ఆదివారం హరి వదిన ఇంట్లో తినడానికి వచ్చాడు. వడ్డిస్తూ అంకాలమ్మ ఏమీ ఎరగనట్టు అడిగింది. "నీ పెళ్లాం కాగితం మీద ఏమిరా అట్ల గుణిస్తా ఉంటాది?"

"రొంబ సులువు వదినా. వోల్టుని ఆంపియరుతో గుణిస్తే వాట్. అంటే ఎంత శక్తి తింటా ఉండాదో తెలుస్తాది. అదే వోల్టుని ఆంపియరుతో భాగిస్తే ఓమ్. తీగ కరెంటుని ఎంత అడ్డుకుంటా ఉండాదో అది. అడ్డం తగ్గితే కరెంటు ఎక్కువ పారుతాది."

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికా అది మూడేళ్లు చదివింది!" అంది అంకాలమ్మ. ఆ మాటన్నాక మనసుకు కాస్త చల్లగా అనిపించి, హరికి ఇంకో గరిటె నెయ్యి వేసింది.

సోమవారం పొద్దున తలుపు దగ్గరికి వేసుకుని ఇస్త్రీపెట్టెకు కరెంటు పెట్టి, మీటరు డెక్క తెరిచి, దాని వైరును ఇరికించింది. మీటరు సున్నా చూపించింది. ఇస్త్రీపెట్టె చెయ్యి పెడితే చుర్రుమంటోంది, మీటరు మాత్రం సున్నా! అంకాలమ్మకు ఆనందంతో కాళ్లు నిలవలేదు. దొంగ దొరికింది. ఇంత వేడిని సున్నా అనే మీటరును పట్టుకుని నాలుగేళ్లుగా ఊరిని ఏలుతోందన్నమాట. అప్పుడే గోవిందరాజప్ప దగ్గరికి పరిగెత్తుదామనుకుంది. ఎందుకో ముందు పనికి బయల్దేరుతున్న హరిని పిలిచి చూపించింది.

హరి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "వదినా, ఈ వైరు లోపల రెండు తీగలు ఉండాయి, పోయేది ఒకటి, తిరిగి వచ్చేది ఒకటి. రెండూ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నానే వస్తాది. ఒక్క తీగనే పట్టాలి. అది సరే, ఈ మీటరు ఎప్పుడు కొన్నావు?"

"ఎప్పుడో కొన్నానులే. నీ పెళ్లానికి చెప్పినావంటే ఈ ఇంట్లో నీకు సంకటి లేదు."

హరి చెప్పనని ఒట్టేసి, రెండు తీగలూ విడివిడిగా ఉండేలా ఒక మూర వైరుకు ప్లగ్గులు బిగించి ఇచ్చి పోయాడు. ఇక ఏ సామానునైనా ఆ వైరు మీద పెట్టి ఒక తీగను పట్టుకోవచ్చు. అంకాలమ్మ సుద్దముక్క తీసుకుని అంగడి గోడ మీద రాయడం మొదలుపెట్టింది. ఇస్త్రీపెట్టె: 230 వోల్టు, 3.2 ఆంపియరు. గుణిస్తే 736. పెట్టె మీద అచ్చు వేసిన అంకె 750. దగ్గరే. పోనీ, ఇదేదో కాకతాళీయం అనుకుంది. నీళ్లు కాచే కడ్డీని బకెట్లో ముంచి చూసింది: 6.5 ఆంపియరు. గుణిస్తే 1495. కడ్డీ మీద రాసింది 1500. అంగడిలోని పాత గుండు బల్బు పెట్టింది: పాయింట్ నాలుగు మూడు. గుణిస్తే 99. బల్బు నూరు వాట్లది.

ఒక్కటీ అబద్ధం చెప్పలేదు. తప్పు దొరికితే చాలునని ఆమె మొక్కుకోని దేవుడు లేడు, ఆ అంకెలు మాత్రం పరీక్ష రాసే బుద్ధిమంతుల్లా వరసగా సరిపోతూ వచ్చాయి. ఏడుపు వచ్చింది అంకాలమ్మకు. ఆ పిల్ల లెక్కే సరైనదని తన చేత్తోనే గోడ మీద రాసుకోవలసి వచ్చిందే!

ఇక కొలవనిది ఒక్కటే మిగిలింది. గోడకు ఆనించిన రేకుల పెట్టె, వార్నిషు ఆరబెట్టే వేడిపెట్టె. చుట్టిన మోటారును వార్నిషులో ముంచాక అందులో పెడితే, అడుగున ఉన్న హీటరు కాయిల్ సన్నగా కాగి వార్నిషును గట్టిపరుస్తుంది. గోవిందరాజప్ప మోటారు ముంచి సిద్ధంగా ఉంది, ఆ పొద్దే పెట్టెలో పెట్టాలి. పెట్టె తలుపు మీద వెంకటేశప్ప ఎర్ర రంగుతో తన చేత్తో రాసిన అంకె ఇంకా చెరిగిపోలేదు: 1000.

తీగ పట్టింది. 8.7 అంది మీటరు.

గుణించింది. తప్పు గుణించానేమోనని మళ్లీ గుణించింది. రెండు వేలు. వెయ్యి ఉండాల్సిన చోట రెండు వేలు. భాగించింది: ఇరవయ్యారు. వెయ్యి వాట్లకు ఎంత ఉండాలో వెనక్కి లెక్కేసుకుంది: యాభై మూడు. అడ్డం సగానికి సగం తగ్గిపోయింది.

సగం కాయిల్ ఎక్కడికి పోయిందో ఆమెకు తెలుసు. కత్తిరించింది ఆమే.

రెండేళ్ల కిందట మొదటిసారి ఆ కాయిల్ తెగింది. మొగుడు పెట్టిన కాయిల్ అని పారేయడానికి చేతులు రాక, మాడిన కొసలు కత్తిరించి మెలిపెట్టి కలిపింది. ఆ తరవాత పెట్టె కాస్త ఎక్కువ కాగుతున్నట్టు అనిపించింది. కూరలో కారం ఎక్కువైతే మిరపకాయలు తగ్గిస్తాం. వేడి ఎక్కువైతే వేడిచ్చే కాయిల్‌ని తగ్గించాలి కదా? ఇంకో జానెడు కత్తిరించింది. ఇంకా కాగింది. ఇంకా కత్తిరించింది, కడసారి ఈ ఏడు చిత్తిరకు ముందే. వార్నిషు తేనె రంగుకు బదులు నల్లగా దిగుతుంటే, బాగా గట్టిపడిందని మురిసిపోయింది కూడా. చుట్లు తగ్గితే వేడెక్కి సస్తాది, తీగ తక్కువైతే కరెంటు ఎక్కువ మింగుతాది, అని మొగుడు మొదటి రోజే చెప్పాడు. ముప్పై ఏళ్లు ఆ మాట మోటారుకు మాత్రమే అనుకుంది, పెట్టెకు కూడా అని తట్టలేదు.

మూల సంచిలో గోవిందరాజప్ప మోటారులోంచి పోయినసారి పీకిన కాయిల్ ఉంది. తీసి వేళ్లతో వంచింది. మాడిన అప్పడంలా వార్నిషు పెళపెళమని రాలింది. మోటారు అదిరినప్పుడల్లా లోపల ఇలాగే రాలి ఉంటుంది. తీగ తీగను తాకి ఉంటుంది. రెండుసార్లూ ఆ మోటారును ఆమే, ప్రేమగా, పెట్టెలో పెట్టి మాడ్చింది. నివేదిత చెప్పింది అక్షరాలా నిజం.

ఆ నిజం కన్నా ఆ పిల్ల చెప్పిందన్నదే ఎక్కువ మండింది, ఏం దాచుకోవాలి.

మధ్యాహ్నానికి కొత్త కాయిల్ తెచ్చింది. పాతదాన్ని ఊడదీసి గుడ్డలో చుట్టింది. కొత్తది బిగించి కొలిస్తే 4.3 వచ్చింది. గోవిందరాజప్ప మోటారు రెండు రోజులు సన్నని వేడిలో ఆరి తేనె రంగులో దిగింది. అలాంటి రంగు చూసి రెండేళ్లయింది. ఎవరికీ ఏమీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. మోటారు ఇక కాలదు. కరెంటు బాగుపడిందని చెబితే సరి, మీటరు మీద వేసిన నింద మీటరు మీదే ఉంటుంది, గోవిందరాజప్ప తన వాకిట్లోనే ఉంటాడు. గురువారం పొద్దున ఆమె ఈ అబద్ధాన్ని నోట్లో సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది.

గోవిందరాజప్ప వచ్చాడు. మోటారును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఊళ్లో అందరూ అడగతా ఉండారమ్మా, మీటరు తప్పా కాయిల్ తప్పా అని. ఏమి చెప్పేది?"

అంకాలమ్మ నోరు తెరిచింది. ఇంతలో ఆయన వేడిపెట్టె మీద చెయ్యి ఆనించి, ఆశ్చర్యంగా తల ఊపాడు. "అరే, ఇదివరకు దీని పక్కన నిలబడేదానికే అయ్యేది కాదు. ఈ పొద్దు ఎంత సన్నగా కాగతా ఉండాది! ఎవరు సరిచేసింది? నివేదితేనా?"

గోడ పక్కనుంచి నివేదిత తొంగి చూసింది. "నేను కాదు పెద్దాయనా. నేనేమీ చెయ్యలేదు."

"చూసినావా!" అన్నాడు గోవిందరాజప్ప మనసు కరిగి. "నేను అన్ని మాటలన్నా కూడా వచ్చి చేసి పెట్టింది. చేసి కూడా చెప్పుకోదు. బంగారం లాంటి పిల్లమ్మా నీ తోడికోడలు."

తల ఊపితే సరిపోయేది. ఊపకుండా ఊరుకున్నా సరిపోయేది. అబద్ధం కూడా ఆడనక్కరలేదు. అయినా అంకాలమ్మ వల్ల కాలేదు. నింద పడినా ఓర్చుకుంటుందేమో గానీ, తను కనిపెట్టినది ఆ పిల్ల ఖాతాలో పడితే ఎలా ఓర్చుకుంటుంది?

"చేసుంటే కదా చెప్పుకునేదానికి!" అని లేచింది. "నా పెట్టె ముట్టుకునేదానికి అది ఎవరు? నేను చేసినాను. నేనే కొలిచినాను. రా అన్నా, ఈ గోడ చూడు. 230 వోల్టు, 8.7 ఆంపియరు, గుణిస్తే రెండు వేలు. తలుపు మీద నీ స్నేహితుడు ఏమి రాసిండాడు? వెయ్యి. వేడి తగ్గించాలని నేనే కాయిల్ని నరికి నరికి సగం చేసినాను. అడ్డం తగ్గిపోయి కరెంటు రెండింతలు పారింది. నీ మోటారు రెండుసార్లూ నీ బావి దగ్గర కాలలేదు, ఈ పెట్టెలోనే మాడింది. నీ కరెంటు బాగుండాది. దాని మీటరూ బాగుండాది. తప్పు నాదే, అయితే కనిపెట్టింది కూడా నేనే! దానికి తెలీదు!"

అంతా అనేశాక గానీ ఏం అన్నదో ఆమెకు వినిపించలేదు. సుద్దముక్క చేతిలో విరిగిపోయింది.

గోవిందరాజప్ప గోడ మీది అంకెల్ని చూశాడు, ఆమెను చూశాడు, గిరుక్కున తిరిగి బయటికి నడిచాడు. కుడి వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి పోయాడు. అంకాలమ్మ కళ్లు వద్దన్నా లెక్కపెట్టాయి. మూడో జత. ఎనిమిదేళ్లుగా ఈ అంగడిని నిలబెట్టిన మనిషి చెప్పులు ఆ వాకిట్లో ఉన్నాయి. అయిపోయింది అనుకుంది. ఇంక బోర్డు దించేయడమే.

గోడ అవతలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "నలుగురి ముందర అన్నాను, ఆ నలుగురికీ నేనే చెప్తాను, తప్పు నాదని. మనసులో పెట్టుకోవద్దమ్మా." నివేదిత ఏదో అంది, వినిపించలేదు. తరవాత ఆయన చెప్పులు వేసుకుని మళ్లీ ఎడమ వాకిటికి వచ్చాడు.

"నీ వల్ల నా ఆవులు రెండు వారాలుగా ఎండు చొప్ప నములుతా ఉండాయి," అన్నాడు.

"అవునన్నా."

"వెంకటేశప్ప ఉంటే నిన్ను బాగా తిట్టుండును."

"తిట్టుండును."

"సరే, ఒక చెయ్యి వెయ్యి, మోటారు ఎత్తు. ఈసారి కాలినా ఆ పక్కకి పోను. ఇక్కడికే వస్తాను, ఆయన బదులు నేను తిట్టేదానికి."

ఇద్దరూ కలిసి మోటారును ఆటోలోకి ఎక్కించారు. అంకాలమ్మ కళ్లు తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి తన వాకిట్లో ఒక జత చెప్పులున్నాయి. సన్నపట్టీల చెప్పులు, నాలుగేళ్లుగా లెక్కలో మొదట వచ్చే జత. ఈ వాకిట్లో వాటిని చూడటం ఇదే మొదలు.

నివేదిత గోడ ముందు నిలబడి సుద్ద అంకెలు చదువుతోంది. పై నుంచి కింది దాకా చదివి, "ఇరవయ్యారు పాయింట్ ఎనిమిదో నాలుగో రావాలి కదక్కా," అని వేళ్లతో లెక్కేసి, "నాలుగు. ఇరవయ్యారు పాయింట్ నాలుగు," అంది.

"ఆ పాయింటు నువ్వే పెట్టుకో పో."

నివేదిత నవ్వలేదు. ఆమె చూపు బల్ల మీద ఉన్న మీటరు మీద పడింది. చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. వెనక ఉన్న చిన్న దీపం వెలిగించి ఆర్పింది, డెక్క తెరిచి మూసింది. "ఇది నాదానికంటే పెద్దదక్కా. దీంట్లో ఓమ్‌లు కూడా నేరుగా చూపిస్తాది. ఇలాంటిది కావాలని రెండేళ్లుగా ఆయన్ని అడగతా ఉండాను, ఈ ఏడాది ఆ ఏడాది అంటా ఉండాడు."

"ఊరికే కొన్నానులే," అంది అంకాలమ్మ.

నివేదిత మీటరును బల్ల మీద మెల్లిగా పెట్టేసింది. వాకిలి దాకా పోయి చెప్పులు వేసుకుంది. వేసుకుని, ఇంకొకసారి తిరిగి ఆ మీటరు వైపు చూసింది. ఆ చూపు ఏమిటో అంకాలమ్మకు ఒకరు చెప్పనక్కరలేదు.